బాబాయి తోమిన ఆల్చిప్పలు

మా బాబాయికి ల్యాబులో ఈ ఉద్యోగం ఇప్పించింది నేనే. కాబట్టి ఇంకెవర్నీ తిట్టడానికి లేదు.

తొట్టిలో నలభై ఆల్చిప్పలున్నాయి. ఇరవైకి చచ్చిన బ్యాక్టీరియాను సూదితో ఎక్కించి, పైన ఎర్ర గోళ్ళరంగుతో చుక్క పెట్టాను. మిగతా ఇరవైకి ఉత్త ఉప్పునీళ్ళు, తెల్ల చుక్క. నెల ఆగి అన్నిటికీ బతికున్న బ్యాక్టీరియా ఎక్కించాలి. ఎర్రవి తట్టుకుని తెల్లవి చస్తే, ఆల్చిప్ప ఒంటికి పాత జబ్బు గుర్తుంటుందన్నమాట. ఇంతకుముందు రెండుసార్లు కరెంటు పోయి, పంపు ఆగి, మొత్తం చచ్చి ఊరుకున్నాయి. ఈసారీ కుదరకపోతే తొట్టిని వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని ల్యాబు పెద్ద, మా మేడం తేల్చి చెప్పేసింది.

రెండో సూది వెయ్యాల్సిన రోజు మూత తీసి చూద్దును కదా, నలభై చిప్పలూ తళతళలాడుతున్నాయి. ఒక్క చుక్క లేదు. మేడం చూడ్డానికొస్తుందని బాబాయి ఇనప బ్రష్షు పెట్టి ఒక్కోదాన్నీ తోమాడట. నాకు ఒళ్ళు మండిపోయింది. చుక్కలెందుకు చెరిపావని అడిగితే నావైపు జాలిగా చూశాడు.

"ఏది ఏదో నాకు తెలుసు కదమ్మా. నెల రోజులుగా వీటికి నీళ్ళు మారుస్తున్నది నేనేగా."

కావాలంటే చూడమని, అంచు విరిగింది ఇటు, వీపు వంకరది అటు అంటూ ఎడమ ట్రేలో ఇరవై ఎర్రవి, కుడి ట్రేలో ఇరవై తెల్లవి పేర్చేశాడు. ఎక్కడా తడుముకోలేదు. నాకు నమ్మకం కుదరలేదు. కానీ వేరే దారేదీ? అన్నిటికీ సూది వేసి, ట్రేలు రెండూ అదే తొట్టిలో దించాను.

చచ్చిన ఆల్చిప్ప నోరు తెరుస్తుంది. ఐదో రోజుకి కుడి ట్రేలో పదిహేడు తెరిచాయి. ఎడమ ట్రేలో రెండే. తొట్టి పక్కనే నిలబడి పిచ్చిదానిలా నవ్వాను.

ఒక్క పరుగున వెళ్ళి మేడంకి చెప్పాను. ట్రేలు ఎవరు విడదీశారని అడిగింది. చెప్పాను. పెన్ను కింద పెట్టింది.

"ఆల్చిప్పకి జ్ఞాపకం ఉందంటే నేను నమ్ముతాను. దానికి సాక్ష్యం మీ బాబాయి జ్ఞాపకమంటే ఎవరు నమ్ముతారు?"

గట్టిగా ఉన్నవాటిని ఏరి ఒకవైపు పెట్టలేదని ఎలా చెప్పగలవంది. ఆవిడ కుర్చీలో నేనున్నా అదే అడిగేదాన్ని, నా కడుపుమంటంతా అదే. గుర్తులు చెరిగిపోయినందున ఫలితం చెల్లదని నా చేత్తోనే రాసి సంతకం పెట్టాను.

కిందికొచ్చేసరికి బాబాయి ట్రే కడుగుతున్నాడు.

"ఏమ్మా, వాటికి గుర్తుందా?"

"గుర్తుంది బాబాయ్."

ఆయన మొహం వెలిగిపోయింది. ఇందాక ఎవరో వచ్చి తొట్టి ఖాళీ చెయ్యమన్నారని, పొరపాటు పడ్డట్టున్నారని, ఒకసారి కనుక్కోమని చెప్పాడు. అది పొరపాటు కాదు, మేడం అన్నంత పనీ చేసింది. బకెట్టు తెచ్చి నేనే నీళ్ళు తోడడం మొదలుపెట్టాను.