గుర్తు తెలియని వాహనం

మా ఎర్ర కారు వెనక తలుపు మీద సొట్ట పడింది. సొట్టంటే నాకు ఇష్టమే, బుగ్గన ఉంటే. తలుపున పడేసరికి నా బుగ్గలు రెండూ ఉబ్బాయి. సొట్ట కింద జానెడు గీత కూడా ఉంది. తలరాత అనుకుని ఊరుకునేవాణ్ణే. కానీ అనుమానం ఒకసారి ఇంట్లో దిగిందంటే అద్దె కట్టదు, ఖాళీ చెయ్యదు.

మొదటి అనుమానం ఎదురింటి మాస్టారి మీద. ఆయన స్కూటరు రోజూ మా కారును ఒరుసుకునే పోతుంది.

"మాస్టారూ, స్కూటరుకి కొత్త అద్దం పెట్టించినట్టున్నారే?"

"కొత్తది కాదండీ, ఇవాళే తుడిచాను."

"ఇవాళే ఎందుకు తుడిచారో?"

"నిన్న తుడవలేదు గనక."

ఈ జవాబులో ఎక్కడో నేరం ఉందనిపించింది.

ఇంటికొచ్చి బీమా క్లెయిము కాగితం ముందేసుకున్నాను. ఐదేళ్ళుగా క్లెయిము వెయ్యలేదని ప్రీమియంలో తగ్గింపు ఇస్తున్నారు. వేస్తే అది పోతుంది, వెయ్యకపోతే బాగుచేయించే ఖర్చు నా నెత్తిన పడుతుంది. బీమా ఉంటే ధీమా అన్నారు గానీ నాకు మిగిలింది డైలమా. అయినా మాస్టారి మీద కసితో "ప్రమాదం ఎలా జరిగింది" అన్న గడిలో "ఆగి ఉన్న బండిని గుర్తు తెలియని వాహనం గుద్దింది" అని రాసేశాను.

"ఈ మాత్రం దానికి క్లెయిము ఎందుకండీ?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

కుట్టుకూలి దగ్గర గంటసేపు బేరమాడే మనిషి! అనుమానం గడప దాటి వంటింట్లోకి తొంగిచూసింది. ఆవిడకు లైసెన్సు వచ్చి మూడు నెలలైంది. తాళం మాత్రం నా చొక్కా జేబు దాటదు. అడిగినప్పుడల్లా "ఈ ఆదివారం" అంటాను. ఆదివారం రాగానే నడుం నొప్పి అంటాను.

కారును షెడ్డుకు తీసుకెళ్ళాను. నేను చూపించిన కాగితం చదివి రంగుల మేస్త్రి గీత మీద గోరు పెట్టి గీకాడు. ఎర్రగా పొట్టు లేచింది. దాన్ని వాసన చూసి నవ్వాడు.

"సార్, ఇది బండి రంగు కాదు. గోళ్ళరంగు."

"అంటే?"

"గీతని ఎవరో కప్పెట్టారు సార్. ఆ కాగితం మీరిచ్చేస్తే, చూడ్డానికొచ్చిన బీమా ఆయన కూడా ఇలాగే గీకుతాడు. గుర్తు తెలియని వాహనం గుద్ది పోద్ది గానీ, గోళ్ళరంగేసి పోదు కద సార్!"

రంగు వెయ్యడానికి మర్నాడు తెమ్మన్నాడు. వాడి కూలి మా తగ్గింపులో సగం కూడా లేదు. అయినా నా బుర్రలో కూలి లేదు, తగ్గింపు లేదు. సీసా ఒక్కటే ఉంది.

ఇంటికెళ్ళగానే ఆవిడ చేతుల కేసి చూశాను.

"గోళ్ళు వెలవెలబోతున్నాయేం?"

"సీసా అయిపోయింది."

"ఎక్కడ అయిపోయింది?"

గరిటె పక్కన పెట్టింది. "కారు మీద. నిన్న మధ్యాహ్నం మీరు పడుకున్నప్పుడు, చొక్కా జేబులోంచి తాళం తీశాను. రివర్సులో గేటు స్తంభానికి రాసుకుంది. చెబితే ఈ జన్మలో నాకు తాళం ఇస్తారా? అందుకే రంగేశాను."

నేను పెన్ను తీశాను. రాసింది కొట్టేశాను.

"నడిపినవారి పేరు అని గడి ఉంది కదా, అందులో నా పేరు రాయండి," అంది. గొంతు గట్టిగానే ఉంది, కళ్ళే సహకరించలేదు. "పోయే తగ్గింపు ఎలాగూ పోతుంది. నేను కారు నడిపానని ఒక్క కాగితంలోనైనా ఉంటుంది."

ఐదేళ్ళలో ఆ బీమా వాళ్ళు కూడా నన్ను ఇంత సూటిగా ఏమీ అడగలేదు. మాస్టారి అద్దాన్ని అనుమానించాను గానీ, నా ఆదివారాలను ఎవరూ అనుమానించరనుకున్నాను.

కాగితం చింపాను. ఆవిడ మొహం వాడిపోయింది.

"క్లెయిము వెయ్యట్లేదు. మేస్త్రి రేపు రమ్మన్నాడు," అన్నాను, తాళం జేబులోంచి తీసి గట్టు మీద పెడుతూ. "తీసుకెళ్ళేది నువ్వే."

"ఆదివారం కాదు కదా రేపు?" అంది అనుమానంగా.

"బుధవారం. బుధవారాల్లో నాకు నడుం నొప్పి రాదు."

మర్నాడు పక్క సీట్లో కూర్చుని హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి వేశాను.

"చెయ్యి తియ్యండి," అంది.

తీశాను. కళ్ళు మాత్రం మూసుకున్నాను.