రూతు పిడికిలి

కాజీపేటలో రైలు పట్టాల అవతల, పెంకుటింట్లో సుగుణమ్మ నడిపే బడికి గంట లేదు, బల్ల లేదు, ఫీజు అసలే లేదు. ఉన్నది ఇద్దరే పిల్లలు, ఇద్దరూ ఆమె కడుపున పుట్టినవాళ్ళే. ఆరేళ్ళ రూతు, నాలుగేళ్ళ సామేలు. నవాబుల ఏలుబడి కాబట్టి సర్కారు బడిలో చదువంతా ఉర్దూలో. మిషను బోర్డింగులో వేస్తే తెలుగు వస్తుంది గానీ, పిల్లలు సెలవులకు తప్ప ఇంటి మొహం చూడరు. సుగుణమ్మ అలాగే పెరిగింది. దుప్పటి నోట్లో కుక్కుకొని ఏడ్చిన రాత్రులను ఆమె మరచిపోలేదు. అందుకే "నా పిల్లలకు నేనే పంతులమ్మను" అని మొగుడికి తేల్చి చెప్పింది. రైలింజను మీద బొగ్గు కొట్టే ప్రకాశం ఇంట్లో ఉండేదే తక్కువ. ఏమంటాడు? "నీ ఇష్టం" అన్నాడు.

ఆ బడి చూసినవాళ్ళకు మళ్ళీ చిన్నపిల్లలై పోవాలనిపించేది. నేల మీద బూడిద పరిచి అక్షరాలు దిద్దించేది. సామేలు రాసిన 'అ' తోక గోడదాకా సాగిపోతే, "అది షికారుకు పోయింది" అని వాడే సర్దిచెప్పేవాడు. కీర్తనలు పాడుతూ చింతగింజలతో లెక్కలు. అమ్మ జానకు రూతు జానలు ఎన్ని, అమ్మ దోసిలికి రూతు దోసిళ్ళు ఎన్ని అని కొలతలు. సుగుణమ్మకు ఆ పూట వంట మాడినా పట్టేది కాదు.

ఈ బడిలో మూడో శిష్యురాలు కూడా ఉంది. పొద్దున్నే వచ్చి బియ్యం చెరిగి, అంట్లు తోమి పోయే యాకమ్మ. తల నెరిసిన మనిషి. ఆమె చేట పట్టుకొని కూర్చుంటే రూతు ఎదురుగా బాసింపట్టు వేసుకొని లెక్కలు చెప్పేది. ఒకరోజు చింతగింజలు చేతిలో పోసి, "అవ్వా, ఇవి పోగొట్టద్దు. ఇంటికాడ లెక్కబెట్టి రావాలె" అంది. "ఈ ముసలిదానికి గిప్పుడు చదువేందే!" అని నవ్వుతూనే యాకమ్మ వాటిని కొంగున ముడివేసుకుంది.

ఇంటికి రెండు కట్టుబాట్లు ఉండేవి. ఒకటి, సాయంత్రం ప్రార్థనకు ముందు ఎవరి తప్పు వాళ్ళు చెప్పుకోవాలి. అదీ ఎవరికి చెడు చేశారో ముందు వాళ్ళతో చెప్పి వచ్చాకే. సామేలు కోడిని రాయిపెట్టి కొట్టిన రోజు, గంపకింద ఉన్న కోడి దగ్గరికి పోయి, వంగి, చెప్పి వచ్చాకే వాడికి ప్రార్థనలో చోటు దొరికింది. రెండోది పిడికెడు బియ్యం. పూటపూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేయాలి. ఆ కుండలోకి తొంగిచూడకూడదు, ఎంత వేశామో ఎవరితోనూ చెప్పుకోకూడదు. వారం వారం ప్రార్థన చేసే చర్చి తరఫున మార్తమ్మ వచ్చి గుమ్మరించుకొని పోయేది. ఆ బియ్యం దిక్కులేనివాళ్ళకు.

ఎక్కడో దూరదేశంలో యుద్ధమైతే కాజీపేటలో ఎసరు తగ్గింది. రేషన్ బియ్యం, అందులో సగం మట్టిపెళ్ళలు. కుండలో పిడికెడు వేసేటప్పుడు సుగుణమ్మ వేళ్ళు వాటంతటవే బిగుసుకుపోయేవి. దేవుడికి ఎగ్గొట్టే ధైర్యం లేదు, నిండుగా పెట్టే మనసు రాలేదు. అప్పుడు తట్టింది ఆమెకు ఉపాయం.

"రూతూ, ఇయ్యాల్టి సంది పిడికెడు బియ్యం నువ్వే ఎయ్యాలె. పెద్దదానివైనవు గద" అంది.

రూతు ఎగిరి గంతేసింది. మార్తమ్మకు తెలిసి, "పిల్లకు గిప్పుడే ఇచ్చే గుణం నేర్పుతానవ్, నీలాంటి తల్లి ఉండాలె" అని మెచ్చుకుంది. సుగుణమ్మ తలవంచుకుంది. అది అణకువ అనుకుంది మార్తమ్మ. చిన్నచేతి పిడికిట్లో ఎన్ని గింజలు పడతాయో సుగుణమ్మకు తెలుసు. సిగ్గుతో ఆ కుండవైపు చూడటమే మానేసింది. పిల్ల చెయ్యి అడ్డం పెట్టుకొని దేవుణ్ణి మోసం చేస్తున్నానని రూతు బియ్యం వేసిన ప్రతి పూటా అనిపించేది. అయినా మానలేదు.

చిత్రమేమంటే, ఇంత చేసినా బియ్యం మిగల్లేదు. రేషన్ రోజుకు ముందే డబ్బా అడుగు కనిపించింది. మనం చేసిన లెక్క తప్పదు కదా, తప్పు ఇంకొకరిదే కావాలి. ఇంట్లో బియ్యం ముట్టేది ఇంకెవరు?

మరునాడు యాకమ్మ చెరగడం ముగించి లేస్తుంటే సుగుణమ్మ గడపలో నిలబడింది.

"యాకమ్మవ్వా, జర కొంగు విప్పు."

"ఎందుకు బిడ్డా?"

"ఏం లేదు. జర చూద్దామని."

యాకమ్మ ఆమె మొహం చూస్తూనే ముడి విప్పి కొంగు దులిపింది. ఒక పొగాకు ముక్క, రూతు ఇచ్చిన చింతగింజలు నేలమీద చెల్లాచెదరుగా పడ్డాయి. పిల్లలిద్దరూ చూస్తూనే ఉన్నారు. యాకమ్మ వంగి, ఒక్కొక్క గింజా ఏరి, మళ్ళీ ముడివేసుకుంది.

"చూసినవు గద. ఇగ నేను పోతాన" అని మెట్లు దిగింది. మళ్ళీ రాలేదు.

"అవ్వ ఎందుకు వస్తలేదు?" అని రూతు రోజూ అడిగేది. "వేరేకాడ పని దొరికిందేమో" అని సుగుణమ్మ అబద్ధమాడేది. కొంగులో దొరకకపోతే ఇంకెక్కడో దాచిందని మనసుకు నచ్చజెప్పుకునేది. నచ్చకపోయినా చెప్పుకునేది.

ఆ వారం మార్తమ్మ వచ్చి కుండ గుమ్మరించింది. "మీ ఇల్లు సల్లగుండ! అందరి కుండలు సగమైనయ్. మీది ఒక్కటే ఎప్పటి లెక్కనే నిండుగున్నది."

సుగుణమ్మ నమ్మలేక ఆ బియ్యం వైపు చూసింది. రూతు మాత్రం వెలిగిపోతోంది.

"అమ్మ పిడికెడంటే నాయి మూడు. నేను కొలిసి చూసిన. అందుకే మూడుసార్లు ఏస్తాన!"

"నాకెందుకు చెప్పలేదే?" అంది సుగుణమ్మ.

"కుండ ముచ్చట ఎవ్వరికి చెప్పద్దని నువ్వే అన్నవు గద. తప్పు చేసిన్నా అమ్మా?"

"లేదు బిడ్డా" అని పిల్లను దగ్గరికి తీసుకుంది. తను నేర్పిన కొలత, తను నేర్పిన కట్టుబాటు, రెండూ పొల్లుపోకుండా పాటించింది ఆ పిల్ల. పాటించనిది తనొక్కతే. పైగా ఒక పెద్దమనిషి చేత, పిల్లల ముందు కొంగు విప్పించింది.

పొద్దు గుంకుతుండగా ప్రార్థనకు చాప పరిచారు. సామేలు అడక్కుండా తిన్న బెల్లం ముక్క సంగతి చెప్పాడు. రూతు తనకు ఆ రోజు తప్పులు దొరకలేదంది. సుగుణమ్మ ఎప్పుడూ చెప్పే విసుగు, కోపం కాకుండా, ఆ రోజు అంతా చెప్పింది. చిన్న పిడికిలి ఎందుకు కావలసి వచ్చిందో, యాకమ్మ మీద ఏమనుకుందో దాచకుండా చెప్పి, మోకాళ్ళ మీద వంగి కళ్ళు మూసుకుంది.

సామేలు ఆమె మోచెయ్యి పట్టి గుంజాడు. "యాకమ్మవ్వకు చెప్పినవా?"

"రేపు చెప్త."

"నేను కోడికి చెప్పి వచ్చినంకనే కూసోనిచ్చినవు" అన్నాడు వాడు.

ముగ్గురూ లేచారు.

యాకమ్మ గుడిసె ముందు పొయ్యి ఊదుతోంది. వీళ్ళను చూసి లేవలేదు, పొమ్మనలేదు. సుగుణమ్మ నిలబడే అంతా చెప్పింది. "నాదే తప్పు అవ్వా. నన్ను మాఫ్ చెయ్యి" అంది.

యాకమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "పోనీ తియ్యి బిడ్డా అంటే నీకు పానం తేలికైతది. నేననను. నలభై ఏండ్ల సంది వాడకట్టంత తిరిగి పని చేసిన. ఎవ్వరూ నా కొంగు ముట్టలే."

సుగుణమ్మ ఏడ్చింది. యాకమ్మ ఊరడించలేదు. రూతు వంక తిరిగి చెయ్యి చాపింది. "ఇటు రా పంతులమ్మా." కొంగు ముడి విప్పి చింతగింజలు పిల్ల దోసిట్లో పోసింది. "నువ్వు పోగొట్టద్దంటివి. లెక్కబెట్టుకో. మీ అమ్మను గూడ చూసుకొమ్మను."

రూతుకు ఆ మాటలో పోటు తెలియలేదు. శిష్యురాలు ఇంటిపని చేసుకొచ్చిందన్న సంబరంతో అక్కడే మట్టిలో కూర్చొని, ఒక్కొక్క గింజా పక్కకు జరుపుతూ గట్టిగా లెక్కపెట్టింది. సామేలు వంత పాడాడు. సుగుణమ్మ కదలకుండా నిలబడి ప్రతి గింజా విన్నది.

"ఒక్కటి గూడ పోలే!" అని రూతు చప్పట్లు కొట్టింది. "అమ్మా, అవ్వ దగ్గర అన్ని ఉన్నయ్!"