వల్లి కుట్టిన జెండా

దామోదరానికి గోడౌన్ వీధిలో టోకు బట్టల కొట్టు ఉండేది. ఆదివారం వస్తే మాత్రం ఆయనకు కొట్టు గుర్తుండదు. పాత జెండాల కోసం మూర్ మార్కెట్టంతా గాలించేవాడు. హోంరూల్ రోజుల నాటి ఎర్రచారల జెండా, బర్మా నుంచి తిరిగొచ్చిన సిపాయి ఒకడు ఇచ్చిన పులిబొమ్మ జెండా, రాట్నం ఉన్న మూడు రంగుల జెండాలు... అన్నిటినీ వేపాకు వేసి బీరువాలో దాచుకునేవాడు.

స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లు నిండుతున్నాయని యాభై ఏడు ఆగస్టులో ఆ వీధి వర్తకులు ఒక ప్రదర్శన తలపెట్టారు. జెండాల గోడ దామోదరానికి అప్పగించారు. సరిగ్గా అప్పుడే, ఎన్నూరులో పచ్చయమ్మ అనే ఆమె దగ్గర ఉప్పు సత్యాగ్రహం నాటి జెండా ఉందని ఎవరో చెప్పారు. ఆయన వెంటనే రైలెక్కి వెళ్లాడు.

పచ్చయమ్మ ఉప్పుమళ్లలో కూలి. భర్త మాదయ్య పోయి రెండేళ్లయింది. రేకుపెట్టె అడుగు నుంచి జెండా తీసి ఆయన చేతిలో పెట్టింది.

"మా ఆయన దీన్ని పట్టుకోనే పోలీసోళ్ల చేత దెబ్బలు తిన్నాడు శెట్టిగారూ. పోగొట్టబాకండి."

"ప్రదర్శన కాగానే నేనే తెచ్చిస్తానమ్మా."

జెండా దొరికిన సంబరంలో, దాన్ని ఎవరు కుట్టారని అడగాలని ఆయనకు తోచలేదు.

ఇంటికి వచ్చి మంచం మీద పరిచి చూశాడు. పైన తెలుపు, నడుమ ఆకుపచ్చ, అడుగున వెలిసిపోయి కాషాయంలా కనబడే రంగు. నడిమి పట్టీ మీద చిన్న రాట్నం బొమ్మ. కుట్టంతా వంకరటింకరగా ఉంది.

"పాపం, తెలియక రంగులు తారుమారు చేశారు. ఇట్లాగే పెడితే చూసినవాళ్లు నవ్విపోతారు" అన్నాడు భార్య వాసవాంబతో.

"ఆమెను ఒక మాట అడిగి చేస్తే బాగుంటుందేమో" అంది వాసవాంబ.

"ఎల్లుండే గదా ప్రదర్శన. ఇప్పుడెవరు పోయి అడిగేది? బాగుచేసి ఇస్తే సంతోషిస్తుందిలే."

కొట్టు పక్కన టైలర్ ఆరోగ్యసామి పాత కుట్టంతా విప్పి, కాషాయం పైకి, తెలుపు నడిమికి, ఆకుపచ్చ కిందికి మార్చి మిషను మీద నీటుగా కుట్టి ఇచ్చాడు. రాట్నం బొమ్మను కూడా ఊడదీసి తెలుపు మీద కుట్టాడు. దామోదరం దాన్ని గోడ మధ్యలో వేలాడదీసి, కింద చీటీ మీద ఉప్పు సత్యాగ్రహం, 1930 అని రాయించాడు.

ప్రదర్శన నాడు టి. నగర్ నుంచి స్నేహితుడు కామేశం వచ్చాడు. చిన్నప్పుడు కాంగ్రెసు వాలంటీరుగా తిరిగిన మనిషి. ఆ జెండా ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"గుడ్డ పాతదే దామోదరం. వరసే కుదరడం లేదు. ముప్పైలో ఈ వరస లేదు. ఆ మరుసటి ఏడు మార్చారు. మేము మోసిన జెండాకి పైన తెలుపు, నడుమ ఆకుపచ్చ, కింద ఎరుపు."

"ఎరుపా? కాషాయం కాదా?"

"ఎరుపే. ఒక్కో రంగు ఒక్కో మతంవాళ్లకు. తక్కువమంది ఉన్నవాళ్లు పైన, ఎక్కువమంది ఉన్నవాళ్లు అడుగున. బలమున్నవాళ్లు బలం లేనివాళ్లకు కాపు కాయాలని అట్లా పెట్టారని చెప్పేవాళ్లు మాకు."

ఇన్నేళ్లు వెతికినా దొరకని జెండా ఉన్నదున్నట్టు దామోదరం చేతికి వస్తే, తానే చెడగొట్టాడు. జనం చూస్తుండగానే గోడ మీది నుంచి దించేశాడు. ఆ సాయంత్రమే ఆరోగ్యసామి చేత మళ్లీ విప్పించి, మొదటి వరసలోనే కుట్టించాడు. ఇప్పుడు ఎప్పటిలాగే అయింది గదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

మరుసటి ఆదివారం ఎన్నూరు వెళ్లి జెండా ఇచ్చాడు. పచ్చయమ్మ రంగుల వైపు చూడనేలేదు. పట్టీలు కలిసే చోట వేళ్లతో తడిమింది.

"ఇది మిషను కుట్టు గదా."

జరిగిందంతా ఆయన దాచకుండా చెప్పాడు. ఆమె జెండాను ఒళ్లో పెట్టుకుంది.

"దీన్ని వల్లి కుట్టింది శెట్టిగారూ."

"వల్లి ఎవరమ్మా?"

"నా కూతురు. అప్పటికి పదేండ్ల బిడ్డ. వాళ్ల నాయన గుడ్డలు తెచ్చి పెడితే, నన్ను ముట్టుకోనీకుండా తనే కుట్టింది. వేలికి సూది గుచ్చుకున్నా ఇయ్యలేదు. ఆ మరుసటేడు వాంతులు, బేదులు పట్టుకోని పోయింది. ఫోటో గీటో ఏమీ లేదు." మళ్లీ కుట్టు తడుముతూ అడిగింది. "ఆ దారమన్నా ఉందా?"

దామోదరం ఉరుకులు పరుగుల మీద పట్నం తిరిగొచ్చాడు. ఆరోగ్యసామి తల అడ్డంగా ఆడించాడు. "పాత దారం ఎవరు దాస్తారు సార్? ఆ పొద్దే ఊడ్చేసినా." అయినా దామోదరం మిషను కింద, గుడ్డపేలికల గంపలో చెయ్యి పెట్టి వెతికాడు. ఒక్క పోగు దొరకలేదు.

మర్నాడు కొట్టు తెరవకుండానే మళ్లీ ఎన్నూరు వెళ్లాడు. పచ్చయమ్మ పనికి బయలుదేరుతోంది. దారం దొరకలేదని చెప్పాడు. ఆమె కోప్పడలేదు. లోపలికి పోయి జెండా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"మీకాడనే ఉండనీండి. మీకైతే పనికొస్తది."

"పచ్చయమ్మా, వల్లి సంగతి చెప్పు. వింటాను."

"ఇప్పుడెందుకులేండి" అంది ఆమె. గంప చంకన పెట్టుకుని ఉప్పుమళ్ల వైపు నడిచింది.

ఆమె కనుమరుగయ్యేదాకా దామోదరం గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఆ తర్వాత ఎవరు అడిగినా ఆ జెండాను మళ్లీ గోడకు పెట్టలేదు.