మూతపడని నోరు

మామ్మ బాయ్యా పోయిన పొద్దున ఎడారి మధ్యనున్న మ్జాబ్ లోయలో ఎవరింటా పొయ్యి వెలగలేదు. శవాలు కడిగే ఆడవాళ్లకు ఆవిడే పెద్ద. దొంగతనం చేసినా, అబద్ధమాడినా ఆవిడ 'వెలి' అనేది. అంతే, ఆ మనిషితో కన్నతల్లి కూడా మాట్లాడేది కాదు. ఆ వెలి తీయగలిగిందీ ఆ నోరొక్కటే.

కెల్తూమ్ ఒకప్పుడు ఆవిడ చేతికింద పనిచేసింది. ఒక శవం వేలి ఉంగరం పోయి, నింద ఈమె మీద పడింది. "'తీశాను, మన్నించు' అను. చాలు," అంది మామ్మ. తియ్యనిది తీశానని ఎలా అంటుంది? ప్రాణం పోయినా అబద్ధమాడకూడదని నేర్పిందే ఆ మహాతల్లి! మామ్మ 'వెలి' అనేసింది. అప్పటినుంచి కెల్తూమ్ సలాముకు ఊళ్లో బదులు లేదు.

మామ్మ పోయిన రోజు మధ్యాహ్నం కెల్తూమ్ వాకిట్లో అలికిడైంది. మామ్మకు కుడిభుజంలాంటి దావియా నలుగురిని వెంటబెట్టుకొచ్చి, గోడవైపు తిరిగి నిలబడింది.

"ఓసే గోడా, నీకే చెబుతున్నా. మామ్మ నోరు మూతపడ్డంలేదే! గుడ్డతో కట్టినా ఊడిపోతోంది. ఎవరి ఉసురు పోసుకుందో ఏమో. ఆ మనిషొచ్చి మన్నించానంటే బాగుండును."

"గోడకున్నపాటి చెవులు మీకుంటే నాకీ గతి పట్టేదా?" అంది కెల్తూమ్.

ఎవరూ విననట్టే వెళ్లిపోయారు. ఆమె వాళ్ల వెనకే నడిచింది.

గదిలో శవం నోరు తెరుచుకునే ఉంది. కెల్తూమ్ దగ్గరికి రాగానే ఇంకాస్త తెరుచుకుంది. లోపల నాలుక కదిలింది.  కెల్తూమ్‌లో కోపం, భయం, పాత ప్రేమ ఒక్కసారే పొంగుకొచ్చాయి.

"నేను తియ్యలేదు మామ్మా!"

పెదవులు దగ్గరకొచ్చి మళ్లీ విడిపోయాయి. గొంతులోంచి గురకలాంటి చప్పుడొచ్చింది. ఆడవాళ్లు భయంతో మూలకి ఒదిగిపోయారు. ముసలిప్రాణం ఎంత యాతన పడుతోందో అనుకుని కెల్తూమ్ తట్టుకోలేకపోయింది.

"మన్నించాను తల్లీ! మనసారా మన్నించాను. హాయిగా వెళ్లు."

నోరు టక్కున మూతపడింది.

కెల్తూమ్ కళ్లు తుడుచుకుని నవ్వింది. "సలాం, దావియా," అంది. దావియా పలకలేదు. ఆమె కళ్లు కెల్తూమ్‌ని దాటి గుమ్మం వైపు చూస్తున్నాయి.

అప్పటికిగాని కెల్తూమ్‌కి తెలిసిరాలేదు. ఆ నోరు మన్నింపు అడగడానికి కాదు, వెలి తీసే మాట అనడానికి తెరుచుకుంది. మాట పెదవులదాకా వచ్చింది. తొందరపడి మన్నించానని, తనే ఆ నోరు మూసేసింది.

"మామ్మా, ఒక్కసారి తెరువు! అనాల్సింది అనేసి పో!" అంటూ గడ్డం పట్టుకుని లాగింది. దవడ రాయిలా బిగుసుకుపోయింది. ఆమె అక్కడ లేనట్టే, ఆమె చేతులను తప్పించుకుంటూ, ఆడవాళ్లు శవానికి కఫన్ గుడ్డ చుట్టడం మొదలుపెట్టారు.