పోటు తగ్గేదాకా

కరీన్ ఇంకా ముసుగు తన్ని పడుకునే ఉంది. యాస్నా సంచి వీపున వేసుకుని, చెక్క మెట్లు చప్పుడు కాకుండా దిగి, గేటు తీసుకుని ఇసుకలోకి వచ్చేసింది.

“నీ మడమ మానేదాకా నేనూ ఇక్కడే ఉంటా” అని ముందురోజు మాటిచ్చింది తనే. ఇచ్చినప్పుడు మనసులో వేరే ఉద్దేశం లేదు. కానీ తెల్లారి సముద్రం హోరు వినబడేసరికి కాళ్లు నిలవలేదు.

ఆమెకు ఇరవయ్యేడేళ్లు. ఎనిమిదేళ్లలో సొంతూరు రాంకాగ్వాలో తొమ్మిది ఉద్యోగాలు మానేసింది. ఎవరూ పొమ్మనలేదు. ఫిబ్రవరిలో వేసవి సెలవులు వస్తే దేశంలో కుర్రకారంతా సంచులు తగిలించుకుని దక్షిణానికి బయల్దేరుతుంది. యాస్నాకు ఏ నెలైనా ఒకటే. చిలోయే దీవికి వచ్చే పడవలో కరీన్ పరిచయమైంది. వాల్దివియాలో చదువుకునే పిల్ల, నవ్వడం మొదలెడితే ఆపుకోలేదు. నాలుగు రోజులు కలిసి నడిచారు, దారి పక్కన పెరిగే పుల్లటి నల్కా కాడలు ఒలిచి ఉప్పద్దుకుని తిన్నారు, ఒకే గుడారంలో వానకు తడిశారు. ఐదో రోజు కరీన్ మడమ మీద బొబ్బ చితికి చీము పట్టింది. కుకావ్‌లో సముద్రం ఒడ్డున ఒకావిడ ఇంట్లో గది తీసుకున్నారు.

రెండు గంటలు నడిచాక, కొండ సముద్రంలోకి పొడుచుకొచ్చిన చోట ఒక పెద్దాయన సంచి మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. పేరు ఒవిదియో, ఊరు తెముకో, ఒకప్పటి బస్సు డ్రైవరు.

“ఇప్పుడు దాటకమ్మాయ్, నీళ్లు పైకొస్తున్నాయి. మధ్యాహ్నం దాకా ఆగితే కాళ్లు తడవకుండా పోవచ్చు” అన్నాడు.

“ఐదు నిమిషాల పని బాబాయ్. గబగబా నడిస్తే అయిపోతుంది.”

“నా బస్సెక్కినవాళ్లందరిదీ ఇదే మాట.”

ఆమె ఆగలేదు. సగం దూరం పోయేసరికి అల మోకాళ్లను కొట్టింది, తర్వాతది నడుముదాకా లేచింది. వెనక్కి తిరిగితే వచ్చిన దారి లేదు. కొండ వాలున ఒక రాతి అరుగు కనిపిస్తే పాక్కుంటూ ఎక్కింది. ఎక్కి చూస్తే ఒవిదియో కూడా నిలువునా తడిసి, రొప్పుతూ వెనకే వస్తున్నాడు. చెయ్యిచ్చి పైకి లాగింది.

“నువ్వెందుకొచ్చావ్ బాబాయ్?”

“ఒక్కదానివే పోతుంటే రొట్టె తింటూ చూడమంటావా? ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సు నడిపాను. ఎక్కినవాళ్లను దారిలో వదిలేసే అలవాటు లేదు.”

ఆ మాట ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. అరుగు మీద అటు రెండడుగులు, ఇటు రెండడుగులు తిరుగుతూనే ఉంది.

“కూర్చో తల్లీ. నువ్విలా తిరిగితే నీళ్లు తగ్గకముందే రాయి అరిగిపోతుంది.”

“ఎంతసేపు ఇలా?”

“నాలుగు గంటలు. ఐదు కావచ్చు.”

కూర్చుంది. కూర్చున్నా మోకాళ్లు ఆడుతూనే ఉన్నాయి. ఒవిదియో అవి చూసి నవ్వాడు.

“నాకూ అంతే. రిటైరయ్యాక కుర్చీలో కూర్చుని ఉత్తి నేల మీద బ్రేకు తొక్కుతున్నానని మా ఆవిడ తరిమింది. పోయి ఎక్కడైనా నడిచిరా, నీ కాలు చూస్తుంటే నాకు పిచ్చెక్కుతోంది అంది. మరి నిన్నెవరు తరిమారు?”

“ఎవరూ తరమలేదు” అంది యాస్నా. అడక్కుండానే కరీన్ సంగతంతా చెప్పేసింది. మడమ, చీము, మాటివ్వడం, మెట్లు దిగిన తీరు.

ఒవిదియో చేతి గడియారం చూసుకున్నాడు. “పదవుతోంది. లేచే ఉంటుంది. నీళ్లు తేవడానికి వెళ్లావనుకుంటుంది ముందు. తర్వాత నీ సంచి ఉందా అని చూస్తుంది.”

“ఊరుకో బాబాయ్.”

“అడిగావు కాబట్టి చెప్పాను.”

“నేనేం అడగలేదు.”

“సరే, అడగలేదు.”

కింద నీళ్లు రాతిని గుద్దుతూనే ఉన్నాయి. ఇంతసేపు ఒకే చోట కూర్చోవడం ఆమెకు తెలిసి ఎప్పుడూ లేదు. లేచిపోవడానికి దారి లేకపోయేసరికి, తొమ్మిది ఉద్యోగాలూ, చెప్పకుండా వదిలొచ్చిన మనుషులూ ఒక్కొక్కరే గుర్తొచ్చారు. ఒక్కొక్కరూ తన సంచి కోసం వెతుకుతున్నట్టే కనిపించారు.

ఒంటిగంటకు ఇసుక బయటపడింది. ఒవిదియో దక్షిణానికి తిరిగాడు. యాస్నా ఒక క్షణం అటే చూసి, ఉత్తరానికి అడుగేసింది. అతను చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

కుకావ్ చేరేసరికి కరీన్ వాకిట్లో కాలు స్టూలు మీద పెట్టుకుని, ఇంటావిడతో కలిసి బంగాళదుంపలు తురుముతోంది. తల ఎత్తలేదు.

“ఏం మర్చిపోయావ్?”

“ఏం లేదు. వచ్చేశాను.”

“నీ మంచం వేరేవాళ్లకి ఇచ్చేసింది పిన్ని.”

“నేల మీద పడుకుంటా.”

“నీ ఇష్టం.”

ఆ తర్వాతి మూడు రోజులూ అక్కడే ఉండటం యాస్నాకు ఏ కొండ ఎక్కడం కన్నా కష్టమైంది. గంటకోసారి గేటు దాకా వెళ్లి తిరిగొచ్చేది. చేతులు ఊరుకోక కట్టెలు కొట్టింది. “చాలమ్మా, చలికాలం దాటినా మిగులుతాయి” అని ఇంటావిడ గొడ్డలి లాక్కుంది. యాస్నా కట్టు మార్చేటప్పుడు మాత్రం కరీన్ కాలు చాపేది, మొహం అటు తిప్పుకుని. రెండో రోజు, “మెల్లిగా, అది మనిషి కాలు” అంది. వచ్చిన రోజు తర్వాత అదే మొదటి మాట.

నాలుగో రోజు బయల్దేరారు, కరీన్ ముందు, యాస్నా వెనక. కరీన్ కుంటుతుండటంతో మధ్యాహ్నానికి నడిచింది మూడు కిలోమీటర్లే. దాటిపోవాలని యాస్నా కాళ్లు తొందరపడ్డప్పుడల్లా, అక్కర్లేకపోయినా ఆగి, వంగి బూటు తాడు కట్టుకునేది. పదోసారి వంగినప్పుడు కరీన్ వెనక్కి చూడకుండానే అంది:

“ఆ తాడు తెగేదాకా కట్టకు. కావాలంటే ఆ గుట్ట దాకా పరిగెత్తిరా. నేనొచ్చేదాకా అక్కడుంటావా?”

“ఉంటా” అంది యాస్నా. కానీ పరిగెత్తలేదు.