మంచు ఊరి నేతగత్తె

నష్టం ఏ వైపు నుంచి వస్తుందో ముందే పసిగట్టే మనిషినని ధర్మవరం పట్టుచీరల బజారులో నాకు పేరు. అందుకే హిందూపురంలో చదువు ముగించి వచ్చిన నా కూతురు రేఖ అంగట్లో కూర్చోనని మొండికేసినప్పుడు కోప్పడలేదు. బేరం పెట్టినాను.

"ఏం చేస్తే కూర్చుంటావు పాపా?"

"నేనాడే కంప్యూటర్ ఆట ఒక్క పూట ఆడు నాయనా. ఒకరోజు అంగటికి వస్తా. నచ్చితే ఉండిపోతా."

ఖర్చు లేని బేరం. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని ఆమె ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

నరుక్కునే ఆట అనుకున్నాను. కాదు, మాటల ఆట. మంత్రాల లోకంలో నేనొక వర్తకుణ్ణి. ఎవరి దగ్గరికి పోయినా వాళ్ళు పలకరిస్తారు. బదులుగా చెప్పదగిన నాలుగు మాటలు కింద కనబడతాయి, ఒకటి ఎంచుకోవాలి. ఇంగ్లీషులో ఉన్నవాటిని రేఖ మన మాటల్లో చదివి చెప్పేది. వంతెన కాసే రాక్షసుణ్ణి వాడి పన్ను నొప్పి గురించి అడిగి అడిగి, సుంకం లేకుండా దాటేసినాను. రేఖ చప్పట్లు కొట్టింది. నోటికి ఇంత విలువ ఉన్న లోకం ఇంకోటి ఉందని తెలియక ఇన్నాళ్ళూ పోగొట్టుకున్నాను కదా అనిపించింది. పక్కన టీ చల్లారిపోయింది.

తర్వాత మంచు ఊర్లో ఒక ముసలి నేతగత్తె, వెన్నెలతో నేసిన శాలువా తెచ్చి చూపించింది. అది లేకుండా కొండెక్కలేం. రేఖ నాలుగు మాటలూ చదివింది. బాగుందనొచ్చు. ఎవరు నేర్పినారని అడగొచ్చు. బెదిరించి లాక్కోవచ్చు. లేదా, "దీంట్లో లోపం ఉండాది" అనొచ్చు.

"నాలుగోది నొక్కు," అన్నాను.

"నిజంగా ఉండాదా లోపం?"

"ఉన్నా లేకున్నా మొదటి మాట అదే. బజారులో ఎవరినైనా అడుగు పాపా."

మడత విప్పకముందే వంక చెప్పడం మా పద్ధతి. నేసినవాళ్ళ ఎదుట బాగుందంటే ధర దిగదు. ముసలామె వాదించలేదు, చవగ్గా ఇచ్చేసింది. నేను నవ్వినాను. రేఖ నవ్వలేదు.

కొండ మీద దారి తప్పినాను. ఆ దారి తెలిసింది ముసలామెకేనట. తిరిగి పోయి పలకరిస్తే, కింద ఒక్క మాటా కనబడలేదు. "మీ ఇష్టం దొరా," అని ఆమె మగ్గం వైపు తిరిగింది. మళ్ళీ నొక్కినాను. "మీ ఇష్టం దొరా."

"ఏం పాపా, చెడిపోయిందా ఇది?"

"చెడిపోలేదు నాయనా. ఆమె ఇంక నీతో మాట్లాడదు, అంతే."

సోమవారం రేఖ అంగటికొచ్చింది. కాసేపటికి, మాకు ఎన్నో ఏళ్ళుగా నేస్తున్న కుళ్లాయప్ప, పెనుకొండ పెళ్ళివాళ్ళు అడిగిన చీర తెచ్చి నా ముందు పెట్టినాడు. నా నోరు నన్ను అడగలేదు.

"అంచు కాడ పోగు లేచినట్లుండాదే కుళ్లాయప్పా."

రేఖ ఇంకా విప్పని మడత వైపు చూసింది. నా వైపు చూడలేదు.

"మీ ఇష్టం అన్నా," అన్నాడు కుళ్లాయప్ప.

ఆ మాటను నేను ఇన్నేళ్ళూ మర్యాద కింద జమ వేసుకున్నాను. ఒకప్పుడు ఈ మనిషి తన మేకల సంగతి, బామ్మర్ది పెళ్ళి గొడవ అన్నీ ఈ పరుపు మీద కూర్చొని చెప్పి నవ్వించేవాడు. అవి ఎప్పుడు ఆగిపోయినాయో కూడా నేను గమనించలేదు.

చీర విప్పినాను. అంచు నిండా జొన్న కంకులు, కంకికొక పిచ్చుక.

"బాగుండాదప్పా. ఎవరు గీసినారు దీన్ని?"

కుళ్లాయప్ప ముఖం వాడిపోయింది. "ఎందుకన్నా? ఏమన్నా తప్పొచ్చిందా? మార్చమంటే మారుస్తాం."

"తప్పేం లేదబ్బా. ఊరికే అడిగినా."

"మీ ఇష్టం అన్నా."

రేఖ జరిగి చీర పక్కన కూర్చుంది. "ఈ పిచ్చుక ఒక్కటి తల పక్కకు తిప్పుకుందేం మామా?"

ఆయన ముందు నన్ను చూసినాడు, తర్వాత ఆమెను. "అది మా ఇంటామె సుగుణమ్మ పని పాపా. ఆ పిచ్చుక మొగుడి మీద అలిగిందంట. ఎవరి మీద గుర్రుగా ఉండి గీసిందో నన్నడగొద్దు."

రేఖ పకపకా నవ్వింది. ఆయనా నవ్వినాడు. ఆయనకు ముందుపన్ను ఊడిపోయిన సంగతి నాకు అప్పుడే తెలిసింది.

"రేపు మీ ఇంటికే వచ్చి చూస్తా మామా, ఇంకా ఏమేం గీసిందో," అంది రేఖ.

అంటే ఉండిపోతుంది. నేను కోరుకున్న లాభమే. టీ చెప్పొస్తానని లేచినాను. వాళ్ళిద్దరిలో ఎవరూ కూర్చోమనలేదు.