దాహం లేని తోట

మా బావ మామూలు మనిషి కాదు. చెట్టు ఎంత నీరు తాగుతుందో చెట్టు మొహమైనా చూడకుండా కంప్యూటర్‌ని అడిగి చెప్పగల మహానుభావుడు. మా నీటి పరిశోధన కేంద్రంలో మోడలింగ్ విభాగానికి ఆయనే పెద్ద. వెనకాల అందరూ ఆయన్ని ‘సమీకరణం’ అంటారు. మొహం మీదే అనే ధైర్యం నాకొక్కదానికే ఉంది, అదీ మరదల్ని కాబట్టి. అదే విభాగంలో నాకూ ఒక కుర్చీ ఉంది, ఆయనకున్న డిగ్రీయే నాకూ ఉంది. గర్వం మాత్రం మొత్తం ఆయన వాటాకే పోయింది.

ఆయన మోడల్‌కి, అంటే ఆ కంప్యూటర్ లెక్కకి, ఆధారం మా అక్క నిమ్మతోట. పెళ్లైన కొత్తలో అక్క అంటుమొక్కలు తెచ్చి తన చేత్తో నాటి పెంచింది. అక్కడ బోరు నీళ్లు ఉప్పన, కాలువ నీళ్లే దిక్కు. చెట్ల మధ్య బావ ఒక ఇనుప స్తంభం పాతించి దాని మీద పరికరాలు పెట్టించారు. ఎండ ఇచ్చే వేడిలో కొంత గాలిని వేడెక్కిస్తుంది, కొంత ఆకుల్లోని నీటిని ఆవిరి చేస్తుంది, కాస్త నేలలోకి దిగుతుంది. ఆ పంపకాన్ని పరికరాలు కొలుస్తాయి. ఆ కొలతల నుంచి మోడల్ నేర్చుకుని, కాలువ కింద ఉన్న తోటలన్నిటికీ ఎంత నీరు కావాలో చెబుతుంది.

ఇప్పుడిస్తున్న దాంట్లో సగం చాలు అని చెప్పింది. నీటి శాఖ చంకలు గుద్దుకుంది. ఈ వేసవికి తూములు సగం మూసేయొచ్చు కదా! బావకి శాలువా కూడా కప్పారు.

ఆ సగం నాకు మింగుడు పడలేదు. పరికరాల నుంచి వచ్చిన అసలు కొలతలు తెరిచి కూర్చున్నాను. అక్క తోటకి నీళ్లు పెట్టేది చెట్ల పైనుంచి వానలా చిమ్మే స్ప్రింక్లర్లతో. చిమ్మినప్పుడు పరికరం అద్దం మీద తుంపర్లు పడతాయి. అద్దం తడిసినంతసేపూ కొలత పనికిరాదు, అది తీసేయడం ఎవరైనా చేసేదే. మా బావ ఎవరైనా కాదుగా, ఆయనకి శుభ్రత జాస్తి. చుక్క పడితే చాలు, ఆ రోజంతా, మర్నాడు కూడా కొట్టిపారేసి, ఆ ఖాళీల్లో పొడి రోజుల సగటు పోశారు. అంటే తోట కడుపునిండా తాగిన రోజులన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. నాలుక పిడచకట్టుకుపోయిన రోజులు మోడల్‌కి పాఠాలయ్యాయి. భోజనం వేళ కళ్లు మూసుకుని, మిగతా వేళల్లో చూసి, ఈ మనిషి అసలేమీ తినడని తేల్చినట్టుంది వ్యవహారం.

కడుపు మండి నేరుగా ఆయన గదిలోకి వెళ్లాను.

“బావా, తడి రోజులన్నీ తీసేస్తే చెట్టు తాగిన నీళ్లు ఎక్కడ కనపడతాయి?”

“తడి అద్దం అబద్ధం చెబుతుందమ్మా. ఎక్కడైనా తీసేస్తారు.”

“తడిగా ఉన్నంతసేపే తీసేస్తారు. మధ్యాహ్నానికల్లా అద్దం ఆరిపోతోంది. ఆ తర్వాతవన్నీ బంగారంలాంటి కొలతలు. వాటినెందుకు పారేశావు?”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “అవి పెడితే మోడల్ గీసిన గీత చెడిపోతోంది.”

“గీత చెడితే ఏమైంది? తోట చెడిపోతుంది బావా!”

“తోటల గురించి నీకేం తెలుసు?”

అడిగిందెవరు? పుట్టి బుద్ధెరిగాక ఒక్క మొక్కకి చెంబెడు నీళ్లు పోయని మనిషి.

ఇంటికెళ్లి అక్కకి చెప్పాను. అక్క తువ్వాళ్లు మడతపెడుతూ అంతా విని నవ్వింది. “అంత చదువుకున్న మనిషి సొంత తోట ఎండగట్టుకుంటారటే? మీ బావ మీద నీకెప్పుడూ వేళాకోళమే.” ఆ నమ్మకం చూస్తే నాకు జాలీ వేసింది, ఒళ్లూ మండింది.

నీటి శాఖ సమావేశంలో లేచి మొత్తం చెప్పేశాను. పెద్ద ఇంజనీరు నుదురు చిట్లించి బావ వైపు తిరిగాడు. “మీ మరదలుగారు చెప్పేదానికి మీరేమంటారు?”

బావ తాపీగా నవ్వారు. “ఇంటి మనుషులకి మన విలువ ఎప్పుడు తెలుస్తుంది సార్? అనుమానం ఉంటే ముందు మా ఆవిడ తోటకే ఆపి చూడండి. సగమేం ఖర్మ, నీళ్లు పూర్తిగా ఆపినా చెట్లకేం కాదు.”

హాలంతా చప్పట్లు. సొంత తోటనే పందెం కాసిన త్యాగమూర్తి అని ఎవరో అన్నారు కూడా. ఎవరి తోటండీ, ఎవరి త్యాగం?

అక్క తోట వైపు తూము మూసేశారు. ముందు ఆకులు ముడుచుకున్నాయి, తర్వాత పిందెలు రాలాయి. “ఏమండీ, ఒక్క తడి పెట్టించండి,” అని అక్క బతిమాలింది. “ఓపిక పట్టు, చెట్లు అలవాటు పడుతున్నాయి,” అన్నారీయన. అక్క ఇంట్లో కుళాయి నీళ్లు బిందెలతో మోసింది, నేనూ మోశాను. గేటు వరస చెట్లకి పోస్తుంటే బావ అరుగు మీద నుంచే కేకేశారు: “స్తంభం దగ్గర మాత్రం పొయ్యకండి, కొలతలు పాడవుతాయి!” బిందె ఆయన నెత్తిన కుమ్మరిద్దామనిపించింది. నీళ్లు దండగని ఊరుకున్నాను.

వేసవి ముదిరేసరికి తోట కట్టెలైపోయింది. ఒకరోజు పొద్దున బావ ఉత్సాహంగా లాప్‌టాప్ తెచ్చి అరుగు మీద పెట్టి మా ఇద్దర్నీ పిలిచారు. తెర మీద మోడల్ గీత ఎర్రగా, కొలతల గీత నల్లగా ఉన్నాయి. రెండూ ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చున్నాయి. కలవక చస్తాయా? పారేయడానికి ఇప్పుడు తడి రోజంటూ ఒక్కటి లేదు.

“ఇప్పుడేమంటావు మరదలా?” అన్నారు మీసం దువ్వుకుంటూ.

అక్క వంగి తెర కేసి చూసింది. “ఈ నల్లది చెట్లదా?”

“అవును.”

“ఎర్రది మీదా?”

“నాదే. చూశావా ఎంత బాగా కలిశాయో!”

“మరి ఇప్పుడేం చేస్తారు?”

“ఋజువైపోయిందిగా. వచ్చే వారం నుంచి కాలువ పొడుగునా తూములు మూసేస్తారు.”

అక్క మెట్లు దిగి స్తంభం పక్కనున్న చెట్టు దగ్గరకెళ్లి ఒక ఎండుకొమ్మ పట్టి వంచింది. ఫటుక్కున విరిగింది.

“కారు తియ్యవే,” అంది నాతో. “ఆ ఇంజనీరు దగ్గరికి పోదాం.”

“నేను చెబితే వినలేదే అక్కా.”

“నువ్వు లెక్క చెప్పావు. నేను నా తోటని తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెడతాను. నా మొగుడి లెక్క తప్పని నేనే చెబుతాను. మిగతా తోటలైనా బతకాలి కదా.”

అరుగు మీద బావ కంగారుగా లేచి నిలబడ్డారు. “ఏయ్, ఆ చెట్టు ముట్టుకోకు! స్తంభం పక్కది అది, కొలతలు మారిపోతాయి!”

అక్క వెనక్కి తిరిగి ఇంకో కొమ్మ విరిచింది.